27 కోట్లకు అటూ ఇటూ

యూనిసెఫ్, ప్యూర్ ఎర్త్ అనే స్వచ్ఛంద సంస్థ కలిసి 2020 జులైలో ఒక నివేదిక వెలువరించాయి. ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో సీసం డెసీలీటరుకు 5 మైక్రోగ్రాములో, అంతకు మించో ఉందని, అలాంటి పిల్లలు 80 కోట్ల దాకా ఉంటారని అది చెప్పింది. అందులో మన దేశం వాటా 27,55,61,163 మంది. కోట్లు, లక్షలు, వేలు దాటి ఒకట్ల స్థానం దాకా లెక్క తేలినట్టు కనిపించే ఈ అంకె వెనక ఒక్క జాతీయ రక్తపరీక్ష సర్వే కూడా లేదు. ఉన్నవి అక్కడక్కడా జరిగిన చిన్న అధ్యయనాలు, వాటిని కలిపి కుట్టిన ఒక గణిత నమూనా.

అంకె అబద్ధమని నేను అనడం లేదు. నమూనా కట్టినవాళ్లు దొరికిన సమాచారంతో చేయగలిగింది చేశారు. కానీ 27.5 కోట్లు అన్నప్పుడు అది 19 కోట్లు కావచ్చా, 37 కోట్లు కావచ్చా అన్న ప్రశ్నకు జవాబు కూడా పక్కనే ఉండాలి. ఆ జవాబు లేనందువల్ల రెండు నష్టాలు జరిగాయి. భయపడేవాళ్లు ఒక్కరోజు భయపడి మర్చిపోయారు. పని చేయాల్సినవాళ్లు 'ఇదంతా కంప్యూటర్ లెక్క' అని పక్కన పెట్టేశారు. ఐదేళ్లు గడిచినా ఆ అంకె అక్కడే ఉంది.

సీసం పిల్లల మెదడును దెబ్బతీస్తుంది. తెలివితేటలు తగ్గుతాయి, చదువు మీద ధ్యాస నిలవదు, ఆ నష్టం మళ్లీ పూడదు. పెద్దవాళ్లలో రక్తపోటు, గుండె జబ్బులు, మూత్రపిండాల సమస్యలు తెస్తుంది. ఇంత ఉంటే ఫర్వాలేదు అనే మోతాదేదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చి చెప్పింది. 5 మైక్రోగ్రాములన్నది క్షేమానికి హద్దు కాదు, ఎక్కడినుంచి వస్తోందో వెతికి ఆపడానికి పూనుకోవాల్సిన స్థాయి. అమెరికా రోగ నియంత్రణ సంస్థ సీడీసీ తన కొలమానాన్ని 1991లో 10గా పెట్టుకుని 2012లో 5కు, 2021లో 3.5కు దించింది. ఇంకో సంగతి మన దేశానికి మరీ ముఖ్యం. ఇనుము, కాల్షియం తక్కువైన ఒంట్లోకి సీసం ఎక్కువగా ఇంకుతుంది. అయిదేళ్ల లోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉందని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. అంటే ఒకే మోతాదు సీసం మన పిల్లల్ని మరింత దెబ్బతీస్తుంది.

ఇంత తీవ్రమైన విషం ఎంతమందికి సోకిందో తెలుసుకోవడానికి దేశంలో ప్రతి పిల్లవాడి రక్తమూ పరీక్షించనక్కర్లేదు. వంద మందిని లాటరీ పద్ధతిలో ఎంచి పరీక్షిస్తే సగం మందిలో 5 దాటిందనుకుందాం. అప్పుడు అసలు జనాభాలో ఆ వాటా 40 నుంచి 60 శాతం మధ్య ఉంటుందని చెప్పొచ్చు. వెయ్యి మందిని పరీక్షిస్తే ఆ హద్దులు 47, 53కు దగ్గరపడతాయి. గణాంక శాస్త్రంలో విశ్వాస అంతరం అంటే ఇదే. కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ అని వైద్య పత్రికల్లో ప్రతి పేజీలోనూ కనిపించే ఈ పద్ధతిని గణాంక శాస్త్రవేత్త జెర్జీ నేమన్ 1937లో స్థిరపరిచాడు. 95 శాతం అంతరం అంటే, ఇదే పద్ధతిలో వందసార్లు సర్వే చేస్తే వచ్చే వంద అంతరాల్లో దాదాపు 95 అసలు విలువను తమలో ఇముడ్చుకుంటాయని. ఆ హామీ పద్ధతికి సంబంధించింది. పద్ధతి చెడితే హామీ కూడా చెడుతుంది. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే ఇక్కడినుంచి వచ్చే అంకెలన్నీ ఎంత బరువైనవో ఎవరికైనా తెలిసిపోతుంది.

భారతదేశానికి సంబంధించి నేను ఎక్కువ విలువిచ్చే లెక్క 2018లో ఎన్విరాన్‌మెంట్ ఇంటర్నేషనల్ పత్రికలో వచ్చింది. 9 రాష్ట్రాల్లో జరిగిన 31 అధ్యయనాలను, వాటిలోని 5,472 మంది రక్తఫలితాలను పరిశోధకులు ఒకచోట చేర్చారు. పిల్లల్లో సగటు సీసం డెసీలీటరుకు 6.86 మైక్రోగ్రాములని తేలింది. దాని 95 శాతం అంతరం 4.38 నుంచి 9.35. ఈ మూడు అంకెలూ పక్కపక్కనే అచ్చయ్యాయి కాబట్టే ఇది నిజాయితీగల లెక్క. కింది కొస 5కు కింద ఉంది, పై కొస దానికి దాదాపు రెట్టింపు. సగటు భారతీయ బాలుడు హద్దుకు ఇవతల ఉన్నాడో అవతల ఉన్నాడో ఈ సమాచారంతో తేల్చలేమని ఆ అధ్యయనమే ఒప్పుకుంటోందన్నమాట.

సగటులో రెండు మూడు మైక్రోగ్రాముల తేడా ఏపాటిది అనిపించవచ్చు. ఇక్కడ కాస్త ఆగి లెక్క వేయాలి. రక్తంలో సీసం అందరికీ ఒకేలా ఉండదు. ఎక్కువమంది మధ్యలో గుమిగూడి ఉంటారు, కొద్దిమంది మాత్రం చాలా ఎత్తున ఉంటారు. ఆ 4.38, 6.86, 9.35లను సగం మంది పైన, సగం మంది కింద ఉండే మధ్య విలువలుగా తీసుకుని, మూడింట రెండొంతుల మంది పిల్లల్లో సీసం ఆ మధ్య విలువలో సగానికీ, దానికి రెట్టింపుకీ మధ్య ఉందనుకుందాం. మధ్య విలువ 4.38 అయితే హద్దు దాటినవాళ్లు 42 శాతం. 6.86 అయితే 68 శాతం. 9.35 అయితే 82 శాతం. దేశంలో పద్దెనిమిదేళ్ల లోపువాళ్లు సుమారు 45 కోట్లు అనుకుంటే వరసగా 19 కోట్లు, 30 కోట్ల పైచిలుకు, 37 కోట్లు. సగటు హద్దుకు దగ్గరగా ఉన్నప్పుడు అది కాస్త జరిగితే చాలు, హద్దు దాటినవాళ్ల సంఖ్య కోట్లలో జరిగిపోతుంది. 27.5 కోట్ల అంకె ఈ రెండు కొసల మధ్యే ఉంది. అది తప్పని చెప్పడానికి ఆధారం లేదు, అదే సరైనదని చెప్పడానికీ లేదు. రెండు కొసల మధ్య తేడా 18 కోట్ల మంది పిల్లలు.

అయితే కింది కొసనే నిజమనుకున్నా 19 కోట్ల మంది. అంతరం వెడల్పుగా ఉంది కాబట్టి ఇంకా కచ్చితమైన లెక్క వచ్చాక చూద్దాం అనేవారికి నా జవాబు ఇది. అంతరంలో ఏ అంకె తీసుకున్నా చేయాల్సిన పని ఒకటే అయినప్పుడు ఆగడానికి కారణం లేదు. సర్వే కావాల్సింది పని మొదలుపెట్టాలా వద్దా తేల్చడానికి కాదు. ఎక్కడ మొదలుపెట్టాలో, చేసిన పని ఫలించిందో లేదో తెలుసుకోవడానికి.

5,472 మంది చాలా తక్కువ, అందుకే ఈ గోల అని కొందరు అనుకుంటారు. అసలు చిక్కు సంఖ్యలో లేదు. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలంటాం. కుండంతా ఒకేలా ఉడికినప్పుడు ఆ మాట నిజం. సీసం ఊరంతా ఒకేలా పరుచుకోదు. పాత బ్యాటరీలు పగలగొట్టి కరిగించే బట్టీ పక్క వీధిలో ఒకలా ఉంటుంది, రెండు కిలోమీటర్ల అవతల ఇంకోలా ఉంటుంది. రంగు కలిపిన పసుపు కొనే ఇంట్లో ఒకలా, కొమ్ములు తెచ్చుకుని దంచుకునే ఇంట్లో ఇంకోలా. పరిశోధకులు సహజంగానే అనుమానం ఉన్నచోటికి వెళ్తారు, లేదా పెద్దాసుపత్రికి వచ్చినవాళ్లనుంచి రక్తం తీసుకుంటారు. అలా పోగైన అధ్యయనాలను ఎన్ని కలిపినా అవి దేశానికి అద్దం పట్టవు. అంతరం అటూ ఇటూ సాగడం కాదు, మొత్తంగా ఒక పక్కకు జరిగిపోతుంది. ఆ జరుగుడు ఎంతో అంతరాన్ని చూసి కనిపెట్టే దారి లేదు.

పట్నా ఉదాహరణ చూడండి. 2020లో అక్కడ 697 మంది చిన్నపిల్లలను జనాభా నిష్పత్తి ప్రకారం ఎంచి పరీక్షిస్తే 87 శాతం మందిలో 5 దాటింది. మధ్య విలువ 11.6. ఆ 87కు మామూలు సూత్రంతో అంతరం కడితే అటూ ఇటూ రెండున్నర శాతం వస్తుంది. ఒకే బస్తీలో పిల్లలు ఒకేలా ఉంటారన్న సంగతి కూడా కలుపుకుంటే మూడున్నర. అంటే 83 కన్నా తక్కువ కాదు, 91 కన్నా ఎక్కువ కాదు. ఏడువందల మందితో ఒక నగరం గురించి ఇంత గట్టిగా మాట్లాడగలిగాం. కానీ ఆ 697 మంది హైదరాబాద్ గురించి, విజయవాడ గురించి ఒక్క ముక్క చెప్పరు. ఇరుకైన అంతరం చూసి దాన్ని దేశమంతటికీ వర్తింపజేయడం వెడల్పైన అంతరాన్ని దాచడం కన్నా పెద్ద తప్పు.

కొలిచే తీరు సంగతి మరొకటి. అంగన్‌వాడీలో పిల్లవాడి వేలికొన నుంచి రక్తం తీసే పద్ధతి ఉంది. 50 మైక్రోలీటర్ల రక్తం చాలు, వెంట తీసుకెళ్లగల చిన్న యంత్రం మూడు నిమిషాల్లో ఫలితం చెబుతుంది. కానీ ముందు ఆ చెయ్యి సబ్బుతో బాగా కడగాలి, గాలికి ఆరనివ్వాలి, దేనికీ తగలనివ్వకూడదు. మొదటి చుక్క తుడిచేసి రెండోది తీసుకోవాలి. నేలమీద ఆడుకుని వచ్చిన చేతికి అంటిన దుమ్ములో సీసం ఉంటే అది చుక్కలో కలిసి లేని సీసాన్ని చూపిస్తుంది. మరోవైపు ఆ యంత్రం 3.3 కన్నా తక్కువ ఉంటే అంకె చెప్పదు, 'తక్కువ' అని మాత్రమే చూపిస్తుంది. ఆ 'తక్కువ'లను సున్నాగా వేసుకుంటే సగటు పడిపోతుంది, 3.3గా వేసుకుంటే పెరుగుతుంది. ఈ చిన్న నిర్ణయాలేవీ విశ్వాస అంతరంలో కనిపించవు. సర్వే నివేదిక చదివేటప్పుడు నేను ముందు చూసేది ఇవి. సగటు ఆ తరవాత.

పెద్ద లెక్కల్లోనూ ఇదే జరుగుతుంది. 2023లో ప్రపంచ బ్యాంకు ఆర్థికవేత్తలు లాన్సెట్ ప్లానెటరీ హెల్త్‌లో ప్రచురించిన లెక్క ప్రకారం 2019లో ప్రపంచవ్యాప్తంగా సీసం వల్ల గుండె, రక్తనాళాల జబ్బులతో చనిపోయినవారు 55 లక్షలు. అంతరం 23 లక్షల నుంచి 83 లక్షలు. అదే ఏడాదికి గ్లోబల్ బర్డెన్ ఆఫ్ డిసీజ్ లెక్క సుమారు 9 లక్షలు. మొదటి అంతరం కింది కొస కూడా రెండో అంకెకు రెట్టింపు దాటింది. ఎవరూ కూడిక తప్పు చేయలేదు. రెండో లెక్కవాళ్లు సీసం గుండెను దెబ్బతీసే దారి రక్తపోటు ఒక్కటే అనుకున్నారు, మొదటివాళ్లు మిగతా దారుల్ని కూడా లెక్కలోకి తీసుకున్నారు. ప్రతి అంతరం వెనకా 'మా నమూనా సరైనదైతే' అనే షరతు ఉంటుంది. ఆ షరతును పైకి చెప్పకుండా అంకెను మాత్రమే ప్రచారంలో పెడితే జనం దేన్ని నమ్మాలి?

జాతీయ సర్వే లేని లోటును ఏలూరు కళ్లకు కట్టింది. 2020 డిసెంబరు మొదటివారంలో ఆ ఊళ్లో వందలమంది ఉన్నట్టుండి మూర్ఛలు, వాంతులు, స్పృహ తప్పడంతో ఆసుపత్రికి చేరారు. ఢిల్లీ ఎయిమ్స్‌కు పంపిన కొన్ని రక్త నమూనాల్లో సీసం, నికెల్ ఎక్కువగా ఉన్నాయని వార్త వచ్చింది. రెండు మూడు రోజులు తెలుగువాళ్లంతా సీసం గురించే మాట్లాడుకున్నాం. తరవాత నిపుణుల సంఘాలు నీటిలో చేరిన పురుగుమందుల అవశేషాల వైపు మొగ్గాయి. ఎక్కువ అంటే దేనికన్నా ఎక్కువ? మామూలు రోజుల్లో మన పట్టణాల్లో ఆరోగ్యంగా ఉన్నవాళ్ల రక్తంలో సీసం ఎంత ఉంటుందో చెప్పే జాతీయ సర్వే ఉండుంటే, ఆ నమూనాల్లోని సీసం జబ్బుకు కారణమా, లేక ఆ ఊళ్లో ఎప్పటినుంచో అందరి ఒంట్లోనూ ఉన్నదేనా అన్నది ఒక్క పూటలో అంచనాకు వచ్చేది. పోల్చుకోవడానికి ప్రాతిపదిక లేని చోట పది నమూనాలు దొరికినా వంద దొరికినా దారి చూపవు. ఇంకా బాధాకరమైన సంగతి ఏమిటంటే, సీసం జబ్బుకు కారణం కాకపోవచ్చని అనగానే అది అక్కడ ఎందుకుందన్న ప్రశ్న కూడా అటకెక్కింది.

సర్వే ఉంటే ఏం జరుగుతుందో అమెరికా చరిత్ర చెబుతుంది. 1976 నుంచి 1980 దాకా అక్కడ జరిగిన రెండో జాతీయ ఆరోగ్య, పోషణ పరీక్షా సర్వేలో దాదాపు పదివేల మంది రక్తంలో సీసం కొలిచారు. ఇరవై రెండు కోట్ల దేశానికి పదివేల మంది. మన 5,472కు రెండింతలు కూడా కాదు. కానీ వాళ్లను ముందే వేసుకున్న పథకం ప్రకారం, దేశంలోని ప్రాంతాలు, వయసులు, ఆదాయాలు, జాతులు అన్నీ వచ్చేలా ఎంచారు. అయిదేళ్ల లోపు పిల్లల్లో 4 శాతం మందికి సీసం 30 మైక్రోగ్రాములు దాటిందని, నల్లజాతి పిల్లల్లో అది 12 శాతమని, తెల్లజాతి పిల్లల్లో 2 శాతమని తేలింది. ఎవరు ఎక్కువ నష్టపోతున్నారో అప్పటిదాకా వాదనగా ఉన్నది ఇక లెక్కగా మారింది.

దానికన్నా పెద్ద ఫలితం మరొకటి వచ్చింది. సర్వే జరిగిన నాలుగేళ్లలో దేశం మొత్తం మీద సగటు సీసం 37 శాతం పడిపోయింది. పెట్రోలులో కలిపే సీసం తగ్గుతున్న గీతనూ, జనం రక్తంలో తగ్గుతున్న గీతనూ ఒకదాని పక్కన ఒకటి పెడితే రెండూ ఒకేలా దిగాయి. 1982లో రీగన్ ప్రభుత్వం పెట్రోలు నిబంధనలు సడలించాలని చూస్తున్న సమయంలో ఈ గీతలు బయటికొచ్చాయి. సడలింపు ఆగింది. 1985లో అమెరికా పర్యావరణ సంస్థ పెట్రోలులో సీసాన్ని దాదాపు పూర్తిగా తొలగించే ఆదేశం ఇచ్చింది. పెట్రోలులో సీసం కలిపే పరిశ్రమ అంతకు ముందు అర్ధశతాబ్దంపాటు 'హాని రుజువు చేయండి' అంటూ గడిపింది. రుజువు కావాలన్నవాళ్లకు రుజువు దొరికింది. మన దేశంలో 2000 ఫిబ్రవరి 1 నుంచి సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. ఆ మంచిపనివల్ల మన పిల్లల రక్తంలో సీసం ఎంత తగ్గిందో, ఎంతమంది తెలివి నిలబడిందో చెప్పడానికి ముందూ వెనకా పోల్చే జాతీయ సర్వే మనకు లేదు. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన 2017 నవంబరులో అమల్లోకి వచ్చింది. దాని ఫలితమూ అలాగే కొలత లేకుండా గడిచిపోతోంది.

అమెరికా ధనిక దేశం, మనకు కుదరదు అనేవారు జార్జియా వైపు చూడాలి. నల్లసముద్రం ఒడ్డున నలభై లక్షల లోపు జనాభా ఉన్న చిన్న దేశం. 2018లో యూనిసెఫ్ సాయంతో చేసిన గృహ సర్వేలో పిల్లల రక్తం కూడా పరీక్షించారు. 41 శాతం మందిలో 5 దాటింది. దేశంలో పడమటి ప్రాంతాల్లో చాలా ఎక్కువ, తూర్పున తక్కువ. ఈ తేడా కనిపించింది కాబట్టే పరిశోధకులు ఆ పడమటి ఇళ్లకు వెళ్లి మట్టి, నీళ్లు, రంగులు, బొమ్మలు, మసాలాలు పరీక్షించారు. సీసం ఎక్కడిదో పట్టిచ్చే ఐసోటోపుల నిష్పత్తులు పిల్లల రక్తంలోనూ మసాలాల్లోనూ సరిపోలాయి. ఏ సర్వే లేకుండా ఉంటే ఆ దేశం బహుశా పాత కర్మాగారాల చుట్టూ తిరుగుతూ ఉండేది.

మసాలా అనగానే మనకు పసుపు గుర్తురావాలి. బంగ్లాదేశ్‌లో 1980లలో వరదలకు తడిసి రంగు చెడిన పసుపు కొమ్ములకు మెరుపు తేవడానికి పాలిష్ పట్టేచోట లెడ్ క్రోమేట్ అనే పచ్చటి పొడి చల్లడం మొదలైంది. బట్టలకు, రంగులకు వాడే పొడి అది. ముప్పై ఏళ్ల తరవాత స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు, ఢాకాలోని ఐసీడీడీఆర్‌బీ పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు గర్భిణుల రక్తంలోని సీసానికి మూలం వెతుక్కుంటూ వెళ్లి పసుపు దగ్గర ఆగారు. 2019లో మార్కెట్ నమూనాల్లో 47 శాతంలో సీసం దొరికింది. ఆహార భద్రతా అధికారులు ఢాకా శ్యాంబజార్‌లో దాడులు చేసి జరిమానాలు వేశారు, పత్రికలు రాశాయి. 2021 నాటికి నమూనాల్లో సీసం సున్నా శాతానికి వచ్చింది. కొలిచారు, పట్టుకున్నారు, మళ్లీ కొలిచారు. మూడో మెట్టు లేకపోతే మొదటి రెండూ జ్ఞాపకాలుగానే మిగిలేవి.

నిజామాబాద్, దుగ్గిరాల మార్కెట్ యార్డుల పేరు చెబితే దేశమంతా పసుపు అనుకుంటుంది. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్‌లోనే మొదలైంది. పట్నాలో కొన్న పసుపులో గ్రాముకు రెండువేల మైక్రోగ్రాములు మించి సీసం దొరికిందని 2024లో ప్రచురితమైన దక్షిణాసియా అధ్యయనం చెప్పింది. మన ఆహార భద్రతా ప్రమాణం 10. పండించిన రైతుది కాదు ఆ తప్పు, మధ్యలో రంగు పూసినవాడిది. కానీ చెడ్డపేరు కొమ్ము మీద పడుతుంది. కాబట్టి మన పసుపులో సీసం లేదని చూపించుకోవాల్సిన అవసరం అందరికన్నా మన రైతులకే ఎక్కువ. ఇక్కడ కూడా అంతరం కావాలి. ముప్పై ప్యాకెట్లు పరీక్షించి ఒక్కదానిలోనూ దొరకలేదు కాబట్టి అంతా శుభ్రమని ప్రకటిస్తే సరిపోదు. నమూనాలు యాదృచ్ఛికంగా తీసినవే అయినా, సున్నా దొరికినప్పుడు పై కొస సుమారుగా మూడును నమూనాల సంఖ్యతో భాగిస్తే వస్తుంది. ముప్పై నమూనాలకు అది 10 శాతం. అంటే మార్కెట్లో ప్రతి పది ప్యాకెట్లలో ఒకటి కల్తీదైనా మన పరీక్షకు చిక్కకుండా పోయే అవకాశం ఉందన్నమాట. పై కొస ఒక శాతానికి తేవాలంటే మూడువందల నమూనాలు కావాలి. పసుపు బోర్డు ఏటా ఇంతకు మించిన పరీక్షలు చేయించి ఫలితాలు బయటపెట్టగలదు. చేయించాలి.

రక్తపరీక్షల విషయానికొస్తే కావాల్సినవన్నీ మన దగ్గరే ఉన్నాయి. నమూనా సర్వేల విద్యలో ప్రపంచానికి దారి చూపిన మహలనోబిస్ దేశం ఇది. నూజివీడులో, నందిగామలో, విశాఖలో చదువుకున్న సి.ఆర్. రావు అంచనాల కచ్చితత్వానికి హద్దులెక్కడో ప్రపంచానికి చూపించారు. 2016-18లో జరిగిన సమగ్ర జాతీయ పోషణ సర్వే కోసం యాభైవేలకు పైగా పిల్లలనుంచి, కౌమారుల నుంచి రక్తం, మూత్రం సేకరించి విటమిన్లు, ఇనుము, జింకు కొలిచాం. జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాద్‌లోనే ఉంది, ఆహారపు అలవాట్లతోపాటు రక్త పరీక్షలు కూడా చేసే జాతీయ సర్వే బాధ్యత దానిదే. సిరంజితో ఎలాగూ రక్తం తీస్తున్నప్పుడు అందులో కొంత సీసం పరీక్షకు పంపడం పెద్ద ఖర్చు కాదు. వేలికొన చుక్కకన్నా నరంలోంచి తీసిన రక్తం నమ్మదగినది కూడా. ప్రతి విడతలోనూ, ప్రతి రాష్ట్రంలోనూ సీసం పరీక్ష ఉండి తీరాలన్న నిబంధన కావాలి.

కేంద్రం కోసం ఆగకుండా రెండు తెలుగు రాష్ట్రాలూ సొంతంగా చేసుకోవచ్చు. అటూ ఇటూ 3 శాతం అంతరంతో రాష్ట్రం మొత్తానికి జవాబు కావాలంటే లాటరీతో విడివిడిగా ఎంచితే 1,067 మంది పిల్లలు చాలు. ఊళ్లవారీగా గుంపులుగా ఎంచుతాం కాబట్టి దాన్ని రెట్టింపు చేసుకుంటే 2,134. తెలంగాణలో అంతమందిని 33 జిల్లాలకు పంచితే జిల్లాకు 65 మంది కూడా రారు. అప్పుడు జిల్లా అంకెకు అంతరం అటూ ఇటూ 17 శాతం. దాన్ని పట్టుకుని మా జిల్లా మొదటిది, మీ జిల్లా చివరిది అని ర్యాంకులు ఇవ్వడం మోసమే అవుతుంది, అలాంటి పట్టికలు అసలు విడుదల చేయకూడదు. జిల్లాలను నాలుగు ప్రాంతాలుగా కూర్చితే ఒక్కోదానిలో 530 మందికి పైగా వస్తారు, అంతరం 6 శాతానికి దిగుతుంది. సీసం ఏ దిక్కున ఎక్కువుందో చెప్పడానికి అది సరిపోతుంది.

బ్యాటరీ బట్టీలు, సీసం వాడే కార్ఖానాల పక్క బస్తీల పిల్లలను వేరుగా, ఎక్కువ సంఖ్యలో పరీక్షించాలి. వాళ్ల ఫలితాన్ని రాష్ట్ర సగటులో కలిపేటప్పుడు జనాభాలో వాళ్ల వాటా ఎంతో అంతే బరువివ్వాలి. 5 దాటిన ప్రతి పిల్లవాడి ఫలితం తల్లిదండ్రులకు లిఖితపూర్వకంగా అందాలి, ఆ ఇంటి పసుపు డబ్బా, వంటపాత్రలు, గోడ రంగు, తండ్రి పనిచేసే చోటు పరీక్షించే బృందం వారంలోపు వెళ్లాలి. వెళ్లే బృందాన్ని సర్వేకు ముందే నియమించి, డబ్బు కేటాయించి ఉంచాలి. లేకపోతే రక్తం తీసుకునే హక్కు ఎవరికీ లేదు.